పిరికివాళ్ళ విహారయాత్ర

ఈ నెల మా పిరికితనాన్ని గురించి వ్రాస్తున్నాము. మా ఇంట్లో దంపతులమిద్దరమూ భయస్థులమే. బస్సు మలుపు తిరిగితే చాలు, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకొంటాము. మెదక్ చర్చికి ఎన్నోసార్లు వెళ్ళాము. కాని అక్కడికి దగ్గరలోనే ఉన్న పోచారం చెరువును, అడవిని ఎన్నడూ చూడలేదు. కారణం ఒక్కటే. ఆ అడవిలో చిరుతలున్నాయని విన్నాము!

2022లో పోచారం ఆనకట్టకు నూరేళ్ళు నిండాయి. ఆ సంవత్సరం దసరా సెలవుల్లో పిల్లలు పట్టుబట్టారు. "ఎప్పుడూ ఇంట్లోనేనా నాన్నా?" అని పదేళ్ళ బాబు అడిగితే మాకు జవాబు దొరకలేదు. సరేనన్నాము.

ముందురోజు రాత్రి సంచి సర్దాము. జ్వరానికి మాత్రలు, వాంతులకు మాత్రలు, దోమల మందు, గాయాలకు కట్టుగుడ్డ, టార్చిలైటు, పాములను అదిలించడానికి ఒక చేతికర్ర. మంచినీళ్ళ సీసా మాత్రం ఒక్కటే పెట్టాము. ఈ సంగతి గుర్తుంచుకోండి.

తెల్లవారుజామున సికింద్రాబాదులో రైలెక్కి కామారెడ్డిలో దిగాము. అక్కడినుండి బస్సులో లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరి, ఇడ్లీలు తిని, పోచారానికి ఆటో మాట్లాడుకొన్నాము. "చిరుతలు రోడ్డు మీదికి వస్తాయా బాబూ?" అని ఆటో అబ్బాయిని అడిగాము. అతడు నవ్వి, "అవి మనకంటె ఎక్కువ భయపడ్తయమ్మా" అన్నాడు. పిల్లలు కూడా నవ్వారు. మేము నవ్వలేదు.

పోచారం అడవి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. 1952లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. నేటి కామారెడ్డి, మెదక్ జిల్లాలలో సుమారు 130 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నది. చిరుతలు, ఎలుగుబంట్లు, కణుతులు, మనుబోతులు ఉన్న అడవి. మాకు కనబడినవి మాత్రం చుక్కల దుప్పులు. అవి మమ్మల్ని చూచి చెవులు నిక్కించి, మరుక్షణంలో పొదల్లో మాయమయ్యాయి. చేతికర్రతో పని పడనే లేదు.

అసలు ఇబ్బంది ఎండతో వచ్చింది. మధ్యాహ్నానికి మా పాప తల పట్టుకొని కూర్చుండిపోయింది. ముఖం ఎర్రబడింది. సీసా ఎప్పుడో ఖాళీ అయింది. సంచినిండా మాత్రలున్నాయి గాని గుక్కెడు నీళ్ళు లేవు! పాపను చెట్టు నీడన పడుకోబెట్టి, దగ్గరలోని టీ కొట్టుకు పరుగెత్తాము. ఆ కొట్టు పెద్దమ్మ కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి ఇచ్చింది. కొంచెం కొంచెంగా త్రాగించాము. అరగంటకు పాప లేచి కూర్చున్నది. తల్లులారా, లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలవాలి. ఈ లెక్క అందరికీ తెలిసి ఉండాలి.

సాయంత్రం ఆనకట్ట దగ్గరికి వెళ్ళాము. చెరువు నిండి మత్తడి దుంకుతున్నది. తెల్లని నీరు రాతికట్టు మీదినుండి జారుతుంటే ఎంత అందంగా ఉన్నదో! కొందరు యువకులు ఆ నీళ్ళలో నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. నీరు పాదాలు మునిగేంతే. బాబు చెప్పులు విప్పాడు. అంతవరకూ చిరుతకు భయపడ్డ మేము, ఆ కాస్త నీటికి భయపడలేదు. "వెళ్ళిరా" అన్నాము.

అక్కడే వల సర్దుకొంటున్న ఒక ముసలాయన, "వద్దు బిడ్డా, ఆ రాళ్ళ నిండా పాచి" అని బాబు చేయి పట్టుకొని ఆపాడు. ఆ మాట పూర్తికాకముందే ఒక యువకుడు కాలుజారి పడి, నీటితోపాటు కిందికి కొట్టుకుపోసాగాడు. స్నేహితులు తువ్వాలు విసిరి లాగారు గనుక బ్రతికాడు. మోచేతులు చీరుకుపోయాయి. మా కట్టుగుడ్డ అప్పుడు పనికివచ్చింది. కట్టు కడుతుంటే మా చేతులు వణికాయి.

ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాము. మాలో భయం తక్కువై కాదు, అది చోటు తప్పి ఉన్నది. కనబడని చిరుతకు భయపడ్డాము. కళ్ళెదుట ఉన్న ఎండను, పాచిని లెక్కచేయలేదు.

ఆ ఆనకట్ట కట్టినవారు కూడా ఒక విధంగా భయస్థులే. వాగుకు ఏదో ఒకనాడు పెద్ద వరద వస్తుందని భయపడ్డారు. అలాగని కట్టడం మానలేదు. ఎక్కువైన నీరు పోవడానికి మత్తడి పెట్టి మరీ కట్టారు. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాను మహా వరద ముంచెత్తినప్పుడు, పోచారం తెగిపోతుందేమోనని అందరూ హడలిపోయారు. నూరేళ్ళు దాటిన ఆ ఆనకట్ట నిలిచింది. ఆ వార్త చదివిన రోజున ఆ ముసలాయన మాకెంతగానో జ్ఞాపకం వచ్చాడు.

ఇప్పుడు కూడా మేము భయస్థులమే. అయినా సెలవులకు బయలుదేరుతున్నాము. సంచిలో చేతికర్ర లేదు. నీళ్ళ సీసాలు నాలుగు, టోపీలు నాలుగు ఉన్నాయి. క్రొత్త ఊరిలో దిగగానే అక్కడి పెద్దవారిని ఒక ప్రశ్న అడుగుతున్నాము: "ఇక్కడ దేనికి జాగ్రత్తపడాలి?"