పెద్ద చేప చెఱువునకు, చిన్న చేప చట్టికి

గత మాసమున మనము ఊరగాయ జాడీల శుభ్రతను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము చెప్పబోవునదియు వంటయింటి సంగతియే కాని, యది సముద్రముల కావల నొక సరస్సు గట్టున నేను నేర్చుకొన్న పాఠము. మన పిల్లలెందఱో నేడు అమెరికాలో కాపురము లుంటున్నారు. వారి పురుళ్ళకు మన తల్లులు విమానమెక్కి పోవుటయు నిప్పుడు సామాన్యమైనది. అట్లు పోవు తల్లులకు ఉపకరించునని నాకు జరిగినది దాచక వ్రాయుచున్నాను. చేపలు ముట్టని యిండ్లవారికిని ఇందు తెలిసికొనదగిన దున్నదని నా నమ్మకము.

నిరుటి వేసవిలో మా అమ్మాయికి ఏడవ నెల రాగా, నేను విస్కాన్సిన్ రాష్ట్రమునకు వెళ్లితిని. ఆ రాష్ట్రపు ఉత్తరభాగమంతయు అడవులు, సరస్సులు. వేలయేండ్ల క్రిందట పెనుమంచుగడ్డలు నేలను దొలిచి, కరగి వెనుదీయగా, ఆ పల్లములలో నీరు నిలిచి యీ సరస్సు లేర్పడినవట. జూన్ మొదటి వారమున మా అల్లుడుగారు అట్టి యొక సరస్సు గట్టున చిన్న యిల్లు అద్దెకు తీసికొని మమ్ము తీసికొనిపోయిరి. ఆయనకు గాలపు వేటయన్న క్రొత్తగా మోజు పుట్టినది. ఆయన జేబులోనుండి లైసెన్సు కాగితము తీయగా, “గాలము వేయుటకు గూడ లైసెన్సా?” అని నవ్వితిని. 16 ఏండ్లు నిండినవారు లైసెన్సు లేనిదే గాలము వేయరాదట. ఏ చేప యెంత పొడవుండవలెనో, దినమునకెన్ని పట్టవచ్చునో అన్నియు చట్టమున వ్రాసియున్నవి.

అక్కడి వేటగాండ్రు ముఖ్యముగా మూడు జాతులకై ఆశపడుదురు. మొదటిది పైక్. పొడవైన యొడలు, బాతుముక్కు వంటి మూతి, నోటినిండ సూదుల వంటి పండ్లు. రెండవది మస్కీ. ఇది పైకుకు అక్కవంటిది, అంతకంటె పెద్దది. పైకు మేను నల్లనై తెల్లని మచ్చలు గలిగియుండును. మస్కీ మేను తెల్లనై నల్లని చారలు గలిగియుండును. మస్కీ యను పేరు అచ్చటి ఆదివాసులైన ఒజిబ్వేల భాషనుండి వచ్చినది. తెలంగాణము మన కొరమీనును రాష్ట్రపు చేపగా నెన్నుకొన్నట్లే, విస్కాన్సిన్ 1955లో మస్కీని తన రాష్ట్రపు చేపగా నెన్నుకొన్నది. మూడవది బాస్. బలిసిన మేను, పెద్దనోరు, మిక్కిలి పౌరుషము.

మా ప్రక్క యింట డెబ్బది యేండ్లు దాటిన యొక పెద్దావిడ యుండెను. భర్త పోయినది మొదలు ఒంటరిగా పడవ నడుపుకొనుచు గాలము వేయుచుండును. స్త్రీ గాలము పట్టుట నాకు వింతగా తోచెను. అల్లుడుగారు ఆ మాట ఆమెకు తెలుపగా ఆమె నవ్వి, ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట గ్రంథమును ఒక సన్న్యాసినియే రచించెనని ప్రతీతి గలదని చెప్పినది. ఆమె పేరు జూలియానా బెర్నర్స్. నిజముగా ఆమెయే వ్రాసెనా యని పండితులు సందేహింతురు గాని, ఒక్కసారిగా అత్యాశతో చేపలను పట్టరాదన్న హెచ్చరిక మాత్ర మా గ్రంథమున కలదు. మన కాలమున 1976లో టెక్సాసునందు షుగర్ ఫెరిస్ అను నామె స్త్రీలకే ప్రత్యేకముగా బాస్ పందెములు నడుపు సంఘమును స్థాపించినది. అది యిరువది యేండ్లకు పైగా నడచినది.

మఱునాటి యుదయమున ఆ పెద్దావిడ నన్ను చెక్కవంతెన మీదికి పిలిచి నీటిలోనికి చూపినది. లోతు తక్కువచోట ఇసుకలో పళ్ళెమంత గుండ్రని గుంట, దానిపై కదలక నిలిచిన యొక బాసు. అది మగచేపయట! తోకతో నేల నూడ్చి గూడు చేయునది మగదే. ఆడుది గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. మగదే రెక్కలతో నీటిని విసరుచు, గ్రుడ్లకు బురద పట్టకుండ కాచి, పిల్లలు పుట్టిన పిదప గూడ కొన్నాళ్ళు వెంట తిరుగును. ఆ సమయమున దాని నెవ్వరైన గాలమునకు లాగిరా, చుట్టు పొంచియున్న చిన్నచేపలు నిమిషములలో వచ్చి గ్రుడ్లను తినివేయును. అందువలన గూళ్ళు కాచు దినములలో పట్టిన బాసును వెంటనే విడువవలెనన్న నిబంధన ఉత్తరాది సరస్సులలో పెక్కు చోట్ల కలదు. మన కొరమీనును గ్రుడ్లను, పిల్లల గుంపును ఇట్లే కాచును. మన పల్లెలలో ఎఱ్ఱని పిల్లల గుంపు కనబడినచోట తల్లిదండ్రులను పట్టువారిని నేను చిన్ననాడు చూచితిని. అది తప్పని నాకప్పుడు తోచలేదు.

ఇక నా తప్పు చెప్పెదను. అమ్మాయికి చేపలపులుసు మీద మనసు పోయినది. నేను అల్లుడుగారితో, “బాబూ, ఈ చెఱువులో నున్న వానిలోకెల్ల పెద్దదానిని పట్టుకొని రండి. బిడ్డకు బలము” అంటిని. అమ్మాయి మెల్లగా, “అమ్మా, పెద్దది నేను తినరాదు” అని రాష్ట్రమువారు ప్రకటించిన యొక కాగితము నా చేతికిచ్చినది. గర్భము ధరించు వయసున నున్న స్త్రీలును, 15 ఏండ్ల లోపు పిల్లలును బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ వంటి చిన్నచేపలు వారమున కొకపూట తినవచ్చును. పైక్, బాస్ వంటివి నెలకొక పూట మాత్రమే. మస్కీని ఎంతమాత్రమును తినరాదు. కొన్ని సరస్సులకు ఇంతకన్న కఠినమైన హెచ్చరికయు కలదు.

నాకు కష్టము తోచినది. “మా కాలమున ఇట్టి కాగితములు చూచియే బిడ్డలను కంటిమా? చింతపండు పులుసులో మఱిగించిన ఏ దోషమైనను పోదా?” అంటిని. అమ్మాయి ఏమియు అనక కన్నుల నీరు పెట్టుకొన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవాఱిన పిదప ఆ పిల్లను నేనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని కారణ మడిగితిని. ఆమె చెప్పినది మీకును చెప్పెదను.

బొగ్గును కాల్చు విద్యుత్ కేంద్రముల పొగలో పాదరసము కొంచెముండును. అది గాలిలో దూరము పోయి, వానతో సరస్సులలో పడును. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసము అను విషముగా మార్చును. దానిని నీటిపురుగులు, వానిని చిన్నచేపలు, వానిని పెద్దచేపలు తినును. ఒక్కొక్క మెట్టున విషము చిక్కబడును. పెద్ద మస్కీ పదునైదేండ్లు, ఇరువదియేండ్లు ఇట్లు తినుచు బ్రదికినది గనుక దాని కండలో మిక్కిలి నిలువయుండును. ఇది క్రొవ్వులో గాక కండలోనే యుండుటచే తోలు తీసినను, పులుసు కాచినను పోదు. తల్లి తిన్నది మాయను దాటి బిడ్డ మెదడును చేరును. జపానులో మినమాత యను తావున ఒక కర్మాగారపు మురుగు సముద్రమున గలసి, 1956లో రోగము బయటపడినది. అచ్చట తల్లులు పైకి ఆరోగ్యముగా కనబడుచునే వికలాంగులైన బిడ్డలను కన్నారు. ఈ సరస్సులలోని పాదరస మంత ఘోరమైనది గాదు. అయినను కడుపులోని బిడ్డ మెదడుపై ప్రయోగము చేయు తల్లి యెవ్వతె?

అట్లని చేపలు మానవలసిన పనిలేదు. చేపలోని క్రొవ్వు బిడ్డ మెదడునకే మేలు చేయునది. పాదరసము తక్కువగా నుండు చేపలను గర్భిణులు వారమునకు 8 మొదలు 12 ఔన్సుల వఱకు తినవలెననియే అమెరికా ప్రభుత్వపు సలహా.

ఆ సాయంకాలము పెద్దావిడ తన పడవలో అల్లుడుగారిని, నన్ను ఎక్కించుకొన్నది. మస్కీని పదివేల విసరుల చేప యందురు. అన్నిసార్లు విసరినగాని దొరకదని భావము. అల్లుడుగారు మూడు దినములనుండి విసరుచునే యున్నారు. దాని పండ్లు దారమును కోయును గనుక గాలమునకు ముందు ఉక్కుతీగ కట్టుదురు. ఎర అనగా నిజమైన చేప గాదు. జింకతోక వెండ్రుకలు కట్టిన, గిరగిర తిరుగు రేకుబొమ్మ. మస్కీ దానిని తఱుముకొని పడవ ప్రక్కకు వచ్చియు కఱవక చూచుచుండును. అందుచే ఎరను పైకి తీయక కఱ్ఱకొనతో నీటిలో ఇంగ్లీషు ఎనిమిది అంకె వలె త్రిప్పుదురు. ప్రొద్దు గ్రుంకుచుండ, ఆ యెనిమిది రెండవ చుట్టునందు నీరు బ్రద్దలైనది. నా గుండె గొంతులోనికి వచ్చినది.

చేప వలలోనికి వచ్చుసరికి అల్లుడుగారి చేతులు వణకుచుండెను. పెద్దావిడ వలను నీటిలోనే యుంచి, పొడవైన పట్టకారుతో గాలము నూడదీసి, కొల త చూచినది. 44 అంగుళములు. అక్కడ సామాన్యముగా 40 అంగుళములు దాటిన మస్కీని దినమున కొకటి ఇంటికి తీసికొనిపోవచ్చును. “ఇంత పెద్దది ఆడుదే యైయుండును. ఒక్క వసంతమున లక్షకు మించిన గ్రుడ్లు పెట్టగలదు. వానిలో బ్రదుకునవి కొన్నియే” అని ఆమె చెప్పినది. అల్లుడుగారు నా వైపు చూచి, “అత్తయ్యగారూ, అమ్మాయి తినకున్నను మనము తినవచ్చును గదా. మీరే చెప్పుడు” అనిరి.

అబద్ధమేల? నా నోట నీరూరినది. ఊరివారి కందఱికి చాలు చేప. కాని ఆ వలలో రొప్పుచున్నది వచ్చు వసంతమున తల్లి కావలసినది. గట్టున నా కొఱకు చూచుచున్నదియు తల్లి కావలసినది. “విడిచిపెట్టుడు” అంటిని. పెద్దావిడ చేతులు తడుపుకొని, తోక మొదట ఒక చేయి, పొట్టక్రింద ఒక చేయి నుంచి నీటిలోనే నిలిపినది. కొంతసేపటికి అది తనంతట తానే తోక విదిలించి లోతునకు పోయెను.

దారిలో ఆమె తన తండ్రి పట్టిన మస్కీ చర్మములో గడ్డి కూరి గోడకు తగిలించిన సంగతి చెప్పినది. ఆ కాలమున అందఱు నట్లే చేసిరి. 1966లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరమున మస్కీల రక్షణకై ఒక సంఘ మేర్పడి, పట్టిన చేపను విడువుమని బోధించినది. 1972లో రే స్కాట్ అను నాయన తన బాసు పందెములలో చేపలను చంపక విడుచు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇప్పుడు చేప పొడవును, చుట్టుకొలతను వ్రాసికొని విడిచినచో, ఆ కొలతలతోనే బొమ్మ చేసి యిచ్చు పనివారు గలరు.

మఱునాడు చెక్కవంతెన మీదనే కూర్చుండి, బెండు కట్టిన చిన్న గాలముతో నేనును లైసెన్సు తీసికొని అరచేయంతటి బ్లూగిల్ చేపలు ఆఱు పట్టితిని. పొలుసు గీకి, పొట్ట శుభ్రపఱచి, ఉప్పు పసుపు రాచి, చింతపండు పులుసు తెరలిన పిదపనే చేపలు వేసితిని. చిన్నచేప త్వరగా ఉడుకును, గరిటె పెట్టరాదు, గిన్నెనే కదపవలెను. అమ్మాయి తృప్తిగా తిన్నది. ఆగస్టులో సుఖముగా ఆడపిల్లను ప్రసవించినది.

కావున సోదరీమణులారా, బిడ్డల యిండ్లకు పోవునపుడు అక్కడి చేపల సలహా కాగితమును మొదట అడిగి చదివించుకొనుడు. అల్లుడు పెద్ద చేపను తెచ్చినచో మెచ్చుకొని చెఱువునకే పంపుడు. చిన్నచేపను చట్టికి రానిండు. కూతురు మనకు తెలియని మాట చెప్పినపుడు కోపించుటకు ముందు కారణ మడుగుడు. ఆ ఒక్క రాత్రి నా బిడ్డను ఏడ్పించితినన్న బాధ నాకింకను పోలేదు.