యంత్రమునకు వాకిలి

కంప్యూటరనగా నేమని మా విద్యార్థుల నడిగినచో, క్షణములో లెక్కలు కట్టు యంత్రమని తడుముకొనక చెప్పుదురు. ఆ మాట తప్పు కాదు గాని సగము మాత్రమే. లెక్క లోపలికి పోవలెను గదా, ఫలితము వెలుపలికి రావలెను గదా! ఈ రాకపోకల సంగతి పాఠ్యపుస్తకములలో ఒక పటముతో ముగియుచున్నది. అది చాలదని మా యభిప్రాయము.

ఈ కథలో మన గోదావరి సీమవారొకరు గలరు. పశ్చిమ గోదావరిలోని మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు, 1967లో హైదరాబాదున నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనునకు మూలపురుషులు. ట్రాంబే పేరు మీదుగా టి.డి.సి.-12 అని పిలువబడిన కంప్యూటరు 1969లో వెలువడినది. అట్టి యంత్రములను ఆ సంస్థయే తయారుచేసినది.

ఆ తరపు చిన్న కంప్యూటర్లకు సాధారణముగా నోరును చెవియు టెలిటైపే. 1963లో వచ్చిన 33వ నమూనా టెలిటైపునందు మీటలు, అచ్చుకొట్టు సాధనము, కాగితపు పట్టీకి రంధ్రములు వేయునది, వాటిని చదువునది యన్నియు నొక్కచోటనే యుండెడివి. అయితే దాని నడక సెకనుకు 10 అక్షరములు. ఒక్క అక్షరము అచ్చుపడులోపల కంప్యూటరు వేలకొలది కూడికలు చేయగలదు. ఇంతటి వేగశాలి యంతటి మందగామితో నెట్లు మాటలాడవలెను?

మొదటి పద్ధతి, మాటిమాటికి అడుగుట. పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ప్రతి నిమిషము గుమ్మము కడకు పోయి, నోటీసు తెచ్చు జవాను వచ్చెనా యని చూచినట్లు. పాఠమెట్లు సాగును? రెండవది, జవానే వచ్చి తలుపు తట్టుట. ఉపాధ్యాయుడు తానెచ్చట నాపెనో గుర్తుపెట్టుకొని, సంతకము చేసి, మరల నా వాక్యమునుండియే యారంభించును. 1950ల దశకమున కంప్యూటర్లకీ విద్య యలవడినది. మూడవ యుపాయము మన కాలువ లాకుల వంటిది. ఎగువ నీటిమట్టము వేరు, దిగువది వేరు. పడవ నడుమ తొట్టిలో నిలిచి, మట్టములు సమమైన పిదప కదలును. అటులనే యక్షరములను నడుమ నొక కొట్టులో నిలిపి, వేగమున కనువుగా విడుతురు. ధవళేశ్వరము నీరు త్రాగి పెరిగిన బిడ్డలకు దీనిని బోధించుట కష్టమా?

మాకు మనస్తాపము కలిగించు సంగతి వేరొకటి గలదు. ఆ వాకిలి మన కొలతకు కట్టబడలేదు. ఆ టెలిటైపునకు ఆంగ్లములో పెద్ద బడి అక్షరములే గాని చిన్నవి లేవు. ఇక మన గుణింతములు, వత్తులు చెప్పనేల? యంత్రము లోపల నున్నవి అంకెలే. దానికి భాషాభేదము లేదు. అడ్డు నిలిచినది గుమ్మమే. 1991లో యూనికోడు మొదటి కూర్పున తెలుగునకు 128 గదులు కేటాయింపబడినవి. తలుపు తెరచిరి. అయినను మన పిల్లలు ఫోనులలో తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాయుచుండుట, తల్లిదండ్రులును అట్లే బదులు వ్రాయుచుండుట చూచుచున్నాము. పెరటి దారి యలవాటైనవారికి వీధి వాకిలి కనబడదు కాబోలు.

వచ్చే సంవత్సరము మా పై తరగతులలో నొక పని చేయింపవలెనని కోరుచున్నాము. దళసరి కాగితపు పట్టీ, సూది చాలును. వరుసకు 8 స్థానములు. ఒక్కొక్క వరుస యొక సంకేతము. మన యూరి పేరు ఆంగ్లాక్షరములలో 12 వరుసలగును. యూటీఎఫ్-8 లెక్కన "ద్రాక్షారామం" అని తెలుగులో కుట్టినచో 36 వరుసలు. ఆ టెలిటైపు దానిని చదువుటకు 3.6 సెకనులు పట్టియుండును. రెండు పట్టీలను ప్రక్కప్రక్కన తరగతి గోడకు వ్రేలాడదీయింతుము. పొడుగు పట్టీ యేల పొడుగైనదో విద్యార్థులే తల్లిదండ్రులకు చెప్పుదురు గాక.