చుట్టమెఱుగని కాపలా

తల్లి దేహమునుండి తీసి, చల్లని ద్రవముతో కడిగినందున వన్నె మాసియున్న మూత్రపిండమును కుమారుని పొత్తికడుపున నొక ప్రక్క నమర్చి, రక్తనాళములను కుట్టి, బిగింపులు సడలింపగనే, అది చూచుచుండగనే గులాబివన్నె దాల్చుటయు, దాని నాళపుకొసనుండి తొలి మూత్రబిందువులు జాలువారుటయు శస్త్రచికిత్సాలయమున నిలిచినవారు మఱవలేని దృశ్యము. వెలుపల నిరీక్షించుచున్న బంధువులు "గండము గడిచినది" అని ఊపిరి పీల్చుకొందురు. గండము గడచుట నిజమే గాని, ఆనాడు మొదలైన పని ఆ బిడ్డ జీవితాంతము సాగవలసినదని సమాజమును, ప్రభుత్వమును గుర్తింపవలయునని నా విన్నపము.

ఏలన, శరీరపు కాపలా, అనగా రోగనిరోధక వ్యవస్థ, చుట్టరికము నెఱుగదు. మన కణములపై హెచ్.ఎల్.ఏ. అను గుర్తులు కలవు; అవి సగము తల్లినుండియు, సగము తండ్రినుండియు సంక్రమించును గావున, కన్నతల్లి యిచ్చిన మూత్రపిండముననైనను సాధారణముగా సగము గుర్తులు బిడ్డ దేహమునకు క్రొత్తవే. ఆ క్రొత్తదనమును పసిగట్టిన, ఆ కాపలాలోని టి కణములు తామరతంపరగా పెరిగి ఆ యవయవముపై దాడి వెడలును. బి కణముల సంతతి ప్రతిరక్షకములను పుట్టించి దాని రక్తనాళముల లోపలిపొరను గాయపఱచును. పూర్వము రక్తమెక్కించుకొన్నవారికిని, గర్భము దాల్చిన స్త్రీలకును అట్టి ప్రతిరక్షకములు ముందే యుండవచ్చును. అవి దాత గుర్తులకు విరోధులైనచో, కుట్లు వేసిన కొన్ని నిమిషములలోనే మూత్రపిండము నీలివాఱి చెడిపోవును. దాత కణములను గ్రహీత రక్తరసముతో కలిపి ముందుగా చూచు క్రాస్‌మ్యాచ్ పరీక్ష ఈ యాపదను నివారించుటకే.

1954 డిసెంబరు 23వ తేదీన బోస్టన్ నగరమున డాక్టర్ జోసెఫ్ మర్రే బృందము రిచర్డ్ హెరిక్‌కు అమర్చిన మూత్రపిండము నిలిచినదన్నచో, దాతయైన రోనాల్డ్ అతనికి సర్వసమానుడైన కవల సోదరుడగుటయే కారణము. కాపలాకు పరాయిగుర్తు కనబడలేదు. అట్టి కవల లేనివారికి దారి చూపినవి మందులు: మొదట అజాథయోప్రిన్, పిమ్మట మట్టిలోని శిలీంధ్రమునుండి లభించిన సైక్లోస్పోరిన్, ఆ తరువాత జపానుదేశపు మట్టిలోని బాక్టీరియానుండి లభించిన టాక్రోలిమస్.

ఇవి కాపలాను జోకొట్టును గాని, దాని స్మృతిని తుడిచివేయజాలవు. మోతాదు తగ్గినచో అవయవ తిరస్కారము. మించినచో అంటువ్యాధులు, మధుమేహము. టాక్రోలిమస్ మించినచో కాపాడవలసిన మూత్రపిండమునకే హాని. అందువలననే పన్నెండు గంటల కొకసారి మాత్ర, తఱచుగా రక్తములో మందు మోతాదు పరీక్ష, మూత్రపిండపు పనితీరును తెలుపు క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరియైనవి. తిరస్కారము పలుమారులు నొప్పి లేకయే వచ్చును. "బాగుగానే యున్నాను గదా" యని మాత్ర మానినవానికి క్రియాటినిన్ పెరిగినదని చెప్పు కాగితమే తొలి వార్త.

కావున దాతలను గౌరవించుట, జీవన్‌దాన్ వంటి అవయవదాన ఏర్పాటుల ద్వారా అవయవములను సమకూర్చుట ఎంత ముఖ్యమో, ఈ మందులును, ఈ పరీక్షలును జిల్లా ఆసుపత్రిలోనే, ఒక్కనాడును కొఱత లేకుండ, పేదవానికి జీవితాంతము ఉచితముగా లభించునట్లు చూచుటయు అంత ముఖ్యము. "సరకు రాలేదు, వచ్చే నెల రమ్ము" అను ఒక్క మాట తల్లి చేసిన దానమును వ్యర్థము చేయగలదు. పాఠకులారా, మీ యింటనో, మీ వీధిలోనో అట్టివారున్నచో, రాత్రి భోజనవేళ "మాత్ర వేసికొంటివా నాయనా" యని తప్పక అడుగుడు.