వండింది ఎవరో కూడా రాయండి

సర్కారు ఊరికే కదలదు. ఎవరో ఒకరు లెక్క తీసి ముందు పెట్టాలి. మరి ఆ లెక్క ఎవరు తీశారు, ఎవర్ని అడిగి తీశారు? మన వాడల్లో ఇది అడిగేవాళ్ళు తక్కువ. పరిశోధన అంటే యూనివర్సిటీ దొరల పని అని వదిలేశాం.

మధ్యాహ్న భోజనమే చూడండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్ళో వండిన అన్నం పెట్టాలంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. అన్నం పెడితే బడికొచ్చే పిల్లలు, అందులో ఆడపిల్లలు, పెరుగుతున్నారని జీన్ డ్రెజ్ వంటి ఆర్థికవేత్తలు తేల్చారు. నిజమే. సర్కార్లకూ ఆ మాట నచ్చింది. హాజరు కొలవడం సులువు, పంతుళ్ళం మేమే రోజూ రిజిస్టరు కెక్కిస్తాం.

అదే 2003లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ వాళ్ళు మన రాష్ట్రంతో కలిపి అయిదు రాష్ట్రాల్లో 531 ఊళ్ళలో సర్వే చేశారు. వాళ్ళ ప్రశ్నలు వేరు. అన్నం పెట్టే చోటు ఊళ్ళోనా, వాడలోనా? వండేది ఎవరు? మన పిల్లల్ని ఎట్లా చూస్తున్నారు? దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని అడ్డం తిరగడం చాలాచోట్ల బయటపడింది. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ దాన్ని 2005లో అచ్చేశారు, ఇంగ్లీషులో. ఎవరి సంగతి రాశారో వాళ్ళు చదవలేని భాషలో. అది వేరే గొడవ.

ఈలోగా 2004 ఏప్రిల్ 20న కోర్టు, వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇమ్మంది. పెద్ద మాటే. అమలు కొచ్చేసరికి? యేటా పైకి పోయే పట్టికలో వంటవాళ్ళలో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు అని గడులున్నాయి. ఆమె చేత వండించారా, గిన్నెలు మాత్రమే తోమించారా అనే గడి లేదు. ఆ వంట ముట్టక ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలెందరు అనే గడి లేదు. గడి లేని అంటరానితనం ఢిల్లీకి కనబడుతుందా?

అట్లాగని పరిశోధనలన్నీ దండగ అనేవాళ్ళతో మేం కలవం. అంబేద్కర్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందుకు, 1928లో సైమన్ కమిషన్ ముందుకు లెక్కలు పట్టుకునే పోయారు.

సంఘాల వాళ్ళకు మా మాట ఇది. 2013 ఆహార భద్రత చట్టంలో సోషల్ ఆడిట్ ఉంది. ఆ ఆడిట్ బడికొచ్చిన రోజు బియ్యం తూకంతో, గుడ్ల లెక్కతో ఆపనియ్యకండి. వండే అక్కను పక్కకు తీసుకుపోయి అడగండి, హెడ్మాస్టరు ముందు ఆమె నోరు విప్పదు. బంతిలో ఎవరెక్కడ కూచున్నారో కాగితం మీద గియ్యండి. తేదీ వెయ్యండి. నకలు మండలానికొకటి, జిల్లాకొకటి, సంఘం ఆఫీసులో ఒకటి. యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలు పరిశోధనకు ఊరు వెతుక్కుంటున్నారు. మన వాడకే రమ్మనండి.