ఇంటిపేరునకు పొడియక్షరమా?

విజయవాడ వన్ టౌనులోని కాళేశ్వరరావు మార్కెట్టు నెరుగనివారు లేరు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేర వెలసిన దది. కాని ‘అయ్యదేవర’ యను మాట యిపు డెందరి నోట వినవచ్చుచున్నది? పులిచింతల జలాశయమునకు బెట్టిన పేరు కె. ఎల్. రావు గారిది. 1902లో కంకిపాడున జన్మించిన కానూరి లక్ష్మణరావు గా రందు రెండు పొడియక్షరములై మిగిలినారు.

మన యింటిపేళ్లలో పెక్కు లూరిపేళ్లే. కానూరు ‘కానూరి’ యైనది. నందమూరు ‘నందమూరి’ యైనది. గన్నవరము ‘గన్నవరపు’ అయినది. ‘ఆ యూరివారు’ అని చెప్పుటకు మన వ్యాకరణమే కల్పించిన రూపము లివి. ఒక యూరినుండి వెడలిన భిన్నకులముల వారి కొకే యింటిపేరుండుటకు గారణ మిదియే. ఇట్టి పేరు కులచిహ్నము గాదు, వలసల చరిత్రము.

వంశనామమును ముందుంచుట వింతయు గాదు. చీనావారు, హంగరీవారు నట్లే చేయుదురు. ఐసులాండులో బెక్కుమందికి వంశనామమే లేదు. తండ్రిపేరో తల్లిపేరో చేర్చుకొందురు. ఆంగ్లేయుల పద్ధతియే లోకనియమమని యెవరు చెప్పిరి? అయినను విదేశపు దరఖాస్తు ‘చివరి పేరు’ అడిగినంతనే మనవారు తమ పేరు తోకను వంశనామముగా వ్రాయించుకొనుచున్నారు. తండ్రి ‘రావు’, కొడుకు ‘కుమార్’. ఒక యింటివారే కాగితముపై నిరువంశములవా రగుచున్నారు!

తల్లిదండ్రులారా! జననపత్రమునందును, బడి రిజిస్టరునందును బిడ్డ యింటిపేరు పూర్తిగా వ్రాయింపుడు. అది యే యూరిదో బిడ్డకు జెప్పుడు. పొడియక్షరమునకు ఊరు లేదు.