పంపు దగ్గుతోందా? ముందు పెట్రోలు చూడండి!

వరి పొట్ట దశకొచ్చింది. దుబ్బు అడుగున సుడిదోమ కనిపించింది. మందు కొట్టడం ఆలస్యమైతే మడి మధ్యలో గుండ్రంగా ఎండిన మచ్చలు తేలతాయి. మూలనున్న పాత పవర్ స్ప్రేయర్ తీసి తాడు లాగితే... ఇంజిన్ దగ్గుతుంది, వణుకుతుంది, వేగం పెంచగానే ఆగిపోతుంది. నల్గొండ జిల్లా మాడుగులపల్లి చుట్టుపక్కల, సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతులకు ఇది కొత్త బాధ కాదు. పంపును మిర్యాలగూడ మోసుకెళితే ఒక పూట పోయినట్టే.

అప్పుడు చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బురేటర్ మీది మరలు తిప్పేస్తారు. ఉన్న జబ్బు పోదు సరికదా, కొత్తది తోడవుతుంది!

ఇంజిన్‌కు కావలసినవి మూడే... పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. సముద్రంలో పడవ వెనక బిగించే పాత మోటారుకైనా, వీపున మోసే ఈ చిన్న ఇంజిన్‌కైనా పరీక్ష ఇదే వరసలో జరగాలి. అంతకంటే ముందు మందు ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. ఇంజిన్ చల్లారనివ్వాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు.

మొదట పెట్రోలు. పోయిన పంటకాలం మిగిలింది అలాగే ఉంటే తీసేయండి. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నిలవున్న పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ అయితే ఆయిల్ కొలిచే కలపాలి. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. మీ పంపుకు ఏది సరిపోతుందో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిల్ అసలు కలపకూడదు.

కాసేపు బాగా నడిచి ఆగిపోతోందా? ట్యాంకు మూత కాస్త వదులు చేసి చూడండి. మళ్లీ అందుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే.

తర్వాత గాలి. ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చోక్ సగం మూసి ఉందేమో చూడాలి. సైలెన్సర్ మసితో పూడినా ఇంజిన్‌కు ఊపిరాడదు.

చివరికి ప్లగ్గు. కొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా, తడిగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువవుతోంది, లేదా రవ్వ సరిగా రావడం లేదు. తెల్లగా మాడితే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఇంజిన్ నడిపి చూడండి. నాలుగూ కలిపి మారిస్తే తప్పెక్కడో ఎప్పటికీ తెలియదు. కార్బురేటర్ రంధ్రంలో తీగ గుచ్చకండి. అది పెద్దదైతే లెక్కంతా తప్పుతుంది. ఇవన్నీ చూసినా వణుకు తగ్గకపోతే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. రింగులో, ఆయిల్ సీలో అరిగి ఉండొచ్చు.

పంటకాలం ముగిశాక పెట్రోలు వంచేసి, ఇంజిన్ తనంతట తానే ఆగేదాకా నడిపి మూలన పెట్టండి. ఆ అయిదు నిమిషాలే యాసంగిలో దోమ కనిపించిన రోజున చేను కాపాడతాయి.