ఇయర్‌బడ్స్‌లో ఎలక్ట్రోస్టాటిక్ డ్రైవర్: ఆ పేరు చూసి బడ్జెట్ పెంచొద్దు

ఈ మధ్య మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న. "అన్నా, బాక్స్ మీద ఎలక్ట్రోస్టాటిక్ డ్రైవర్ అని ఉంది, మామూలు వాటికన్నా బాగుంటుందా? ఇంకో మూడు నాలుగు వేలు పెట్టొచ్చా?" ఒక్క ముక్కలో చెప్పేస్తా: ఆ ఒక్క పేరు కోసమైతే పెట్టొద్దు. ఎందుకో కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను ఎలక్ట్రోస్టాటిక్‌కు వ్యతిరేకిని కాదు. ఒకసారి ఫ్రెండ్ దగ్గర స్టాక్స్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వీణ రికార్డింగ్ విన్నాను. తీగ మీటగానే వచ్చే ఆ చిన్న చప్పుడు, ఆ తర్వాత నాదం మెల్లగా ఆరిపోవడం, అన్నీ విడివిడిగా వినిపించాయి. ఇంటికొచ్చి నా ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ఎవరో మధ్యలో దుప్పటి కప్పినట్టు అనిపించింది. కాబట్టి ఆ ఆశ నాకూ ఉంది. కానీ ఆ హెడ్‌ఫోన్స్ టేబుల్ మీదున్న ఒక ఆంప్లిఫయర్ డబ్బాకు వైరుతో కట్టేసి ఉన్నాయి. అసలు కథంతా ఆ డబ్బాలోనే ఉంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

మన ఇయర్‌బడ్స్‌లో ఎక్కువగా ఉండేది డైనమిక్ డ్రైవర్. అయస్కాంతం, దాని మధ్య ఒక కాయిల్, కాయిల్‌కు అతికించిన పొర. కాయిల్ కదిలితే పొర కదులుతుంది. ఎలక్ట్రోస్టాటిక్‌లో కాయిల్ ఉండదు, అయస్కాంతం ఉండదు. మైక్రాన్ల మందం ఉండే ప్లాస్టిక్ పొర, దానికి అటూ ఇటూ రంధ్రాలున్న రెండు లోహపు పలకలు. పొర మీద ఎప్పుడూ కొంత విద్యుదావేశం ఉంచుతారు. పలకలకు పాట సిగ్నల్ ఇస్తే ఒకటి లాగుతుంది, ఇంకోటి నెడుతుంది. పొర అంతా ఒకేసారి కదులుతుంది, పైగా దానికి బరువు దాదాపు లేదు. ఆ స్పష్టతకు కారణం ఇదే.

జపాన్‌కు చెందిన స్టాక్స్ 1960లోనే ఇలాంటి హెడ్‌ఫోన్స్ తెచ్చింది. ఇప్పటి స్టాక్స్ హెడ్‌ఫోన్స్‌కు 580 వోల్టుల బయాస్ కావాలి. చెవిలో పెట్టుకునే సైజుకు తెచ్చినవాళ్లూ ఉన్నారు. 2015లో ష్యూర్ తెచ్చిన కేఎస్ఈ1500లో బయాస్ 200 వోల్టులు. ధర దాదాపు 3000 డాలర్లు. చెవిలో పెట్టేది చిన్నదే, కానీ దాన్ని నడిపే ఆంప్లిఫయర్‌ను జేబులో వేసుకుని తిరగాలి. అంటే చిన్న డ్రైవర్ చేయడం ఎప్పుడో అయిపోయింది. మిగిలిన సమస్య, ఆ జేబులోని డబ్బాను కూడా చెవిలోకి తోయడం.

లెక్క వేసి చూద్దాం

ఒక ఇయర్‌బడ్‌లో బ్యాటరీ సుమారు 50 ఎంఏహెచ్ అనుకోండి. 3.7 వోల్టుల దగ్గర అది 185 మిల్లీవాట్ అవర్స్. ఆరు గంటలు రావాలంటే మొత్తం ఖర్చు సుమారు 30 మిల్లీవాట్లు దాటకూడదు. అందులోనే బ్లూటూత్ చిప్, మైకులు, ఏఎన్‌సీ అన్నీ సర్దుకోవాలి.

చాలామంది అనుకునేట్టు 200 వోల్టుల బయాస్ బ్యాటరీని తాగేయదు. పొర మీద ఆవేశం దాదాపు కదలకుండా అలాగే ఉంటుంది కాబట్టి దానికి కరెంటు చాలా తక్కువ చాలు. ఖర్చంతా సిగ్నల్ దగ్గర. ఈ డ్రైవర్ ఆంప్లిఫయర్‌కు ఒక కెపాసిటర్‌లా కనిపిస్తుంది, దాన్ని ప్రతి సైకిల్‌లో నింపి ఖాళీ చేయాలి. 50 పికోఫారడ్‌లు, 200 వోల్టుల స్వింగ్, 10 కిలోహెర్ట్జ్ అనుకుంటే మామూలు ఆంప్లిఫయర్‌లో 20 మిల్లీవాట్లు వేడిగా పోతాయి. నిజమే, పాటల్లో ట్రెబుల్ అంత గట్టిగా ఉండదు, అసలు ఖర్చు ఇంతకన్నా బాగా తక్కువే. కానీ మంచి డైనమిక్ డ్రైవర్ ఒక్క మిల్లీవాట్‌తో చెవులు గింగిరాలెత్తిస్తుంది. పోటీ దానితో.

దీనికి తోడు మన చెమట. చెవి లోపల వేడి, తేమ ఎప్పుడూ ఉంటాయి. మే నెలలో విజయవాడలోనో విశాఖ బీచ్ రోడ్డులోనో జాగింగ్ చేసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తేమ చేరితే పొర మీది ఆవేశం కారిపోతుంది. చిన్న ధూళి రేణువు గ్యాప్‌లో పడితే చిటపటలు మొదలవుతాయి.

బాస్ దగ్గరే అసలు చిక్కు

ఇక్కడ ఒక మంచి వార్త ఉంది. చెవి గూడు పూర్తిగా మూసుకుంటే పొర ఎక్కువ కదలనక్కర్లేదు. 2 ఘన సెంటీమీటర్ల గాలిలో 110 డెసిబెల్ రావాలంటే 6 మిల్లీమీటర్ల పొర సగటున 5 మైక్రాన్లు కూడా కదలక్కర్లేదు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు.

కానీ టిప్ సరిగా కూర్చోకపోతే? గాలి లీక్ అయిన చోట బాస్ కూడా లీక్ అవుతుంది. దాన్ని పూడ్చాలంటే పొర ఎన్నో రెట్లు ఎక్కువ కదలాలి. బస్సు ఇంజిన్ రొద ఉండేది కూడా ఆ కింది ఫ్రీక్వెన్సీల్లోనే. ఏఎన్‌సీ దాన్ని చంపాలంటే పాటతో పాటు అదే బలంతో వ్యతిరేక శబ్దాన్ని కూడా అదే డ్రైవర్ పుట్టించాలి. గ్యాప్ పెంచి కదలడానికి చోటిద్దామంటే బలం పడిపోతుంది: గ్యాప్ రెట్టింపైతే అదే వోల్టేజ్‌కు లాగే బలం నాలుగో వంతు. గ్యాప్ తగ్గిస్తే పొర వెళ్లి పలకకు అంటుకుపోయే ప్రమాదం. వోల్టేజ్ పెంచుదామంటే గాలి కూడా ఒక హద్దు వరకే ఆగుతుంది, మామూలు గ్యాప్‌లలో మిల్లీమీటరుకు సుమారు 3000 వోల్టులు. ఎటు జరిగినా గోడే.

అందుకే నా అభిప్రాయం: బాస్ నుంచి ట్రెబుల్ దాకా అంతా ఒక్క ఎలక్ట్రోస్టాటిక్ డ్రైవరే చేసే వైర్‌లెస్ ఇయర్‌బడ్ కోసం కుస్తీ పట్టడం దండగ.

మరి బాక్స్ మీద ఉన్నదేంటి?

చాలా వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌లో ఈఎస్‌టీ అని కనిపించేది కేవలం ఒక ట్వీటర్. తయారయ్యేటప్పుడే పొరకు శాశ్వతంగా ఆవేశం ఎక్కించేస్తారు, దాన్నే ఎలక్ట్రెట్ అంటారు. సిగ్నల్ పెంచడానికి లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇది మోసం కాదు, మంచి ఇంజినీరింగే. కానీ అది చూసుకునేది పైపై ట్రెబుల్ మాత్రమే. పాటలో గొంతు, తబలా, బాస్ గిటార్ అన్నీ వచ్చేది పక్కనున్న మామూలు డ్రైవర్ల నుంచే. నేను అలాంటి ఒక జత కొన్నాను. స్టాక్స్‌లో విన్నది వస్తుందనుకున్నాను, వచ్చింది మెరుపు ఎక్కువైన ట్రెబుల్. డబ్బులు పోయాక వచ్చిన జ్ఞానం ఇది, మీకు ఫ్రీగా ఇస్తున్నా.

దారి సిలికాన్‌లో ఉంది

గ్యాప్ మైక్రాన్లకు దిగితే సీన్ మారుతుంది. తక్కువ వోల్టేజ్‌కే ఎక్కువ బలం వస్తుంది, అంత సన్నటి సందులో గాలి కూడా ఇంకా ఎక్కువ ఫీల్డ్ తట్టుకుంటుంది. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ ఐపీఎంఎస్ నుంచి పుట్టిన అరియోసో సిస్టమ్స్ ఇదే పట్టుకుంది. పైకీ కిందకీ ఊగే పొర బదులు చిప్ లోపలే ఎన్నో సన్నటి సిలికాన్ కడ్డీలు పక్కలకు వంగి గాలిని బయటికి నెడతాయి. 2022లో బాష్ సెన్సార్‌టెక్ ఆ కంపెనీని కొనేసింది. మరోవైపు ఎక్స్‌మెమ్స్ పీజో పద్ధతిలో వెళ్లింది. 2023 చివర్లో వచ్చిన క్రియేటివ్ ఆర్వానా ఏస్‌లో ఆ చిప్ ట్రెబుల్ చూసుకుంటే, బాస్‌కు 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్ పెట్టారు. గమనించండి: అది ఎలక్ట్రోస్టాటిక్ కాదు, వాళ్లూ బాస్‌ను పాత డ్రైవర్‌కే వదిలేశారు.

ఈ పంపకమే సరైనదని నా నమ్మకం. బరువు పని డైనమిక్‌కు, సున్నితమైన పని చిప్‌కు.

అప్పటిదాకా కొనేముందు మూడే అడగండి. ఆ డ్రైవర్ ఏ ఫ్రీక్వెన్సీ నుంచి మొదలవుతుంది? దాన్ని నడిపే వోల్టేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? టిప్ మీ చెవికి సరిగా కూర్చుంటుందా? మొదటి రెండింటికీ బ్రాండ్ జవాబు చెప్పకపోతే ఆ పేరుకు విలువ సున్నా. మూడోదానికి జవాబు మీ చెవే చెప్తుంది, సౌండ్‌లో ఎక్కువ తేడా తెచ్చేది కూడా అదే.